మొదటి యాప్ ఎవరికోసం?

ఐటీలో పనిచేస్తున్నామని తెలిస్తే చాలు, ఊళ్ళో జనం మనల్ని రెండే ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, "జీతమెంత?" రెండోది, "మా పిలగానికి ఏం నేర్పిస్తే జాబ్ వస్తది?" మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి మాత్రం ఏదో ఒకటి చెప్పాలి. ఒకప్పుడు జావా అనేవాళ్ళు, తర్వాత టెస్టింగ్ టూల్స్ అన్నారు, ఆ తర్వాత క్లౌడ్, ఇప్పుడు ఏఐ. ఎప్పుడైనా మనం చెప్పేది ఒక కోర్సు పేరే.

నిరుడు ఎండాకాలంలో మా చిన్నాయన కొడుకు కూడా ఇలాగే అడిగాడు. "అన్నా, మొబైల్ యాప్‌లు చేసుడు నేర్సుకుందామనుకుంటున్న. యాడ మొదలువెట్టాలె?" అని.

"ముందు మొదటి యాప్ ఎవరికోసం చేస్తావో చెప్పు" అన్నాను.

"ఎవరికోసం ఏందన్నా, నేర్సుకునేటందుకు" అన్నాడు.

వాడి జవాబులో తప్పేమీ లేదు. మనలో చాలామంది అలాగే మొదలుపెడతారు. ఒక వీడియో చూసి చెయ్యాల్సిన పనుల లిస్టు రాసుకునే యాప్ ఒకటి, తర్వాత ఒక కాలిక్యులేటర్, తర్వాత వాతావరణం చూపించే యాప్. మూడూ పనిచేస్తాయి, మూడింటినీ ఎవరూ వాడరు, చేసినవాడితో సహా. నాలుగో యాప్ దగ్గర ఉత్సాహం చచ్చిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఏ లాంగ్వేజి అన్నదానికన్నా ముందు, పక్కన కూర్చుని చూడగలిగే ఒక్క మనిషిని వెతుక్కోండి. యాప్ ఆ మనిషికోసం చెయ్యండి. ఇదేదో మంచి మాటగా చెప్పట్లేదు, నేర్చుకోవడానికి అదే దగ్గరి దారి అంటున్నాను. ఎలాగో మావాడి కథతోనే చెప్తాను.

మాది వీపనగండ్ల. పాత మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు వనపర్తి జిల్లాలో పడ్డాం. అప్పుడే మా మండలంలోంచి చిన్నంబావి విడిపోయి వేరే మండలమైంది. అసెంబ్లీ ఓటు మాత్రం ఇప్పటికీ కొల్లాపూర్‌కే. హైదరాబాద్ నుంచి వస్తే పెబ్బేరు దగ్గర 44వ నంబర్ హైవే దిగి లోపలికి రావాలి. మావాడు హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ పూర్తిచేసి, ప్లేస్‌మెంట్ రాక ఊరికొచ్చి కూర్చున్నాడు. ఇంట్లో రోజూ ఒకటే చర్చ, అమీర్‌పేట పంపించి ఫుల్ స్టాక్ నేర్పించాలా, లేకపోతే పెబ్బేరులో ఏదైనా దుకాణం పెట్టించాలా అని. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపితే చిన్నాయనకి మళ్ళీ అప్పే. వాడి చేతిలో ఉన్నది 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, ఒక పాత ఫోను.

సరే, ముందు ఆ లాప్‌టాప్ సంగతి, ఇది చాలామందిని ఆపేస్తుంది కాబట్టి. ఆండ్రాయిడ్ స్టూడియోతోపాటు ఎమ్యులేటర్ కూడా నడవాలంటే 16 జీబీ ఉంటే మంచిది. 8 జీబీ అయితే ఎమ్యులేటర్ జోలికి పోకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, నేరుగా ఫోన్‌లోనే యాప్ నడిపించుకోవచ్చు. నిజానికి ఇదే మేలు. ఎండలో స్క్రీన్ ఎలా కనిపిస్తుందో, మధ్యలో ఫోన్ వస్తే టైపు చేసింది ఉంటుందో పోతుందో ఎమ్యులేటర్‌ కన్నా ఫోన్‌లోనే త్వరగా తెలుస్తుంది.

రెండోది, ఏది నేర్చుకోవాలి. ఐఫోన్‌కి చెయ్యాలంటే మ్యాక్ కావాలి, యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. మా ఊళ్ళో ఐఫోన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాబట్టి అది పక్కన పెట్టేశాం. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ రెండూ మంచివే, ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తాయి. మాకు రెండో రకం అక్కర్లేదు కాబట్టి కోట్లిన్‌తో నేరుగా ఆండ్రాయిడ్. 2017లో గూగుల్ కోట్లిన్‌ని అధికారికంగా చేర్చుకుంది, 2019 నుంచి ముందు కోట్లినే అంటోంది. స్క్రీన్లు గీయడానికి జెట్‌ప్యాక్ కంపోజ్ 2021లో స్థిరపడింది. ఈ సంవత్సరాలు ఎందుకు చెప్తున్నానంటే, యూట్యూబ్‌లో దొరికే పాఠాల్లో సగం వీటికన్నా ముందువి. మావాడు మొదటి వారం చూసిన వీడియోలో ఎక్లిప్స్ ఉంది! దానికి గూగుల్ సపోర్ట్ ఆపేసి పదేళ్ళయింది. పాఠం ఎంత బావున్నా ముందు దాని తేదీ చూడండి. గూగుల్ వాళ్ళే ఉచితంగా పెట్టిన కంపోజ్ బేసిక్స్ కోర్సు మొదలుపెట్టడానికి చాలు.

ఇక అసలు విషయం. ఆ ఒక్క మనిషి ఎవరు? దూరం వెళ్ళక్కర్లేకుండా ఇంట్లోనే దొరికాడు. చిన్నాయనకి ట్రాక్టర్ ఉంది. సొంత పొలం దున్నుకోగా మిగతా రోజులు కిరాయికి తోలతాడు. కిరాయి గంటల లెక్క. డబ్బులు అప్పటికప్పుడు ఇచ్చేవాళ్ళు తక్కువ, "వడ్లమ్మినంక ఇస్తా" అనేవాళ్ళే ఎక్కువ. అందుకని ఒక పొడుగు నోటుపుస్తకం. తేదీ, పేరు, ఏం పని, ఎన్ని గంటలు, ఎంతిచ్చాడు, ఎంత బాకీ. ఒక సీజన్లో ఆ ఇంటికి రావాల్సిన డబ్బంతా ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఒక్క లైను తేడా వచ్చినా రెండిళ్ళ మధ్య మాటలు పోతాయి.

"ఖాతాబుక్, ఓకేక్రెడిట్ లాంటివి ఉన్నాయి కదా, మళ్ళీ యాప్ ఎందుకు?" అని మీరడగొచ్చు. మావాడు కూడా అడిగాడు. అవి దుకాణాల కోసం పుట్టినవి, ఇచ్చింది ఎంత, వచ్చింది ఎంత అని రూపాయల్లో రాసుకోవడానికి. ఇక్కడ లెక్క గంటల్లో మొదలవుతుంది. అయినా ప్రపంచంలో లేని యాప్ చెయ్యడం మా లక్ష్యం కాదు. చిన్నాయన వాడే యాప్ చెయ్యాలి, అంతే.

కోడ్ రాసే ముందు రెండ్రోజులు ఆ పుస్తకం చదవమని చెప్పాను. మా కంపెనీ భాషలో దీన్ని రిక్వైర్మెంట్ గేదరింగ్ అంటారు :) మావాడికి అసలు చదువు అక్కడ మొదలైంది.

మొదట పేర్లు. వాడు గీసుకున్న స్క్రీన్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, ఫోన్ నంబర్ అని మూడు గళ్ళున్నాయి. పుస్తకంలో ఒక్కరికీ ఇంటిపేరు లేదు. ఒకే పేరున్నవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళని చిన్నాయన "చెరువు కింది", "కొత్తింటి", "చిన్నంబావి అల్లుడు" అని విడదీసి రాసుకున్నాడు. అంటే కావాల్సింది ఒకే గడి, అందులో ఆయన ఏం పిలుస్తాడో అది. టైపు చెయ్యడం ఆయనకి కష్టం, కానీ కీబోర్డులోనే మైకు గుర్తు ఉంటుంది, తెలుగులో చెప్తే రాసుకుంటుంది. దానికి మనం ఒక్క లైను కోడ్ కూడా రాయక్కర్లేదు.

తర్వాత గంటలు. మావాడు దశాంశాలు పెట్టాడు, 1.75 అని. చిన్నాయన ఫోన్ చేతిలో పట్టుకుని "ముప్పావుకు యాడ ఒత్తాలె?" అన్నాడు. తెలుగువాళ్ళం కాలాన్ని పావు, అర, ముప్పావుల్లోనే లెక్కపెడతాం. కాబట్టి గంటలకి ప్లస్, మైనస్ బటన్లు, దాని కింద పావు, అర, ముప్పావు అని మూడు పెద్ద బటన్లు. డేటాబేస్‌లో మాత్రం నిమిషాలుగా, పూర్ణాంకాలుగా దాచాలి. డబ్బుల లెక్కలో ఫ్లోటింగ్ పాయింట్ వాడొద్దని మనమంతా ఎక్కడో చదివే ఉంటాం, మావాడికి మాత్రం ఎందుకో కళ్ళముందు కనిపించింది.

అన్నిటికన్నా పెద్ద పాఠం రేటు దగ్గర. కల్టివేటర్‌కి ఒక రేటు, రోటవేటర్‌కి ఒక రేటు, కరిగెట్లో కేజీవీల్స్‌కి ఇంకో రేటు. మావాడు ఈ రేట్లన్నీ సెట్టింగ్స్‌లో పెట్టి, గంటల్ని వాటితో గుణించి బాకీ చూపించాడు. బావుంది. సీజన్ మధ్యలో రోటవేటర్ రేటు పెంచారు. సెట్టింగ్స్‌లో మార్చగానే పోయిన నెల బాకీలు కూడా పెరిగాయి. చిన్నాయన ఒక్క చూపులో పట్టేశాడు. "నిన్నటి దాకా ఉన్న లెక్క ఇయ్యాల ఎట్ల పెరిగెరా? గిట్ల అడిగితే నన్ను ఊర్లె తిరగనిస్తరా?" రేటు అనేది ఆ రోజు ఆ ఎంట్రీతోపాటే రాసిపెట్టాలి అన్న సంగతి బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో మనకి పెద్ద పెద్ద డాక్యుమెంట్లలో చెప్తారు. వాడు వాకిట్లో నిలబడి ఒక్క తిట్టుతో నేర్చుకున్నాడు. ఇక జన్మలో మర్చిపోడు.

అన్నట్టు, ఏఐ గురించి. స్క్రీన్ల కోడ్ చాలామటుకు ఏఐ టూల్‌నే అడిగి రాయించుకున్నాడు. నేను వద్దనలేదు, అందరం అదే చేస్తున్నాం. రాసినదాన్ని లైను లైనుగా నాకు వివరించాలని మాత్రం షరతు పెట్టాను. రేటు ఎక్కడ దాచాలో, ముప్పావు బటన్ ఎందుకు కావాలో ఏఐ తనంతట తాను చెప్పలేదు. ఎలా చెప్తుంది, దానికి చిన్నాయన తెలియదు కదా. కోడ్ ఇంత చవకైపోయాక కొత్తవాడి దగ్గర ప్రత్యేకంగా ఉండేది ఆ తెలివిడే అని నాకనిపిస్తోంది.

ఇంకో ముచ్చట. మావాడికి ఒక మంచి ఐడియా వచ్చింది. బాకీ ఉన్నవాళ్ళందరికీ నెలకోసారి దానంతటదే మెసేజ్ వెళ్ళాలి. టెక్నికల్‌గా పెద్ద పనేం కాదు. చిన్నాయన ససేమిరా అన్నాడు. "బాకీ అని ఫోనుల వస్తే ఆయన మనసు ఎట్లుంటది? పంట రాకుంటె ఇయ్యలేదు, ఎగవెట్టలే. పొద్దుగాల లేస్తే ఎదురువడే మనిషి." బాకీని ఎర్ర రంగులో చూపించడం కూడా తీసేయమన్నాడు. ఎవరైనా పక్కనుంచి చూస్తే బావుండదట. ఆ రెండు మాటలు నన్ను చాలారోజులు ఆలోచింపజేశాయి. ఆరేళ్ళుగా నేను రాస్తున్న సిస్టంలు రోజూ ఎంతమందికి ఎన్ని రిమైండర్లు పంపిస్తాయో! అవి అందుకునే మనిషి పొద్దున లేచి ఎవరికి ఎదురుపడతాడో మా జిరా టికెట్లలో ఎక్కడా ఉండదు.

పర్మిషన్ల సంగతీ అంతే. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కేసుల్లో అరెస్టులు చేసినప్పుడు బయటపడింది గుర్తుందా? అప్పు తీసుకున్నవాళ్ళ ఫోన్లోని కాంటాక్టులన్నీ లాగేసి, చుట్టాలకీ స్నేహితులకీ ఫోన్లు చేసి పరువు తీశారు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకని మా యాప్ కాంటాక్టులు అడగదు, లొకేషన్ అడగదు. అసలు ఇంటర్నెట్ పర్మిషనే పెట్టలేదు. మొదటి యాప్‌కి సర్వర్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ఫోన్లోనే రూమ్ డేటాబేస్, అంతే. కొత్తవాళ్ళకి సగం బరువు దిగిపోతుంది.

కానీ ఫోన్లోనే ఉంటే ఫోన్‌తోపాటే పోతుంది కూడా. నాలుగో రోజునే పోయింది! ఫోన్లో మెమొరీ నిండిందని ఎవరో పిల్లాడు సాయం చేయబోయి యాప్ స్టోరేజ్ క్లియర్ చేసేశాడు. అదృష్టం ఏంటంటే చిన్నాయన పుస్తకం రాయడం మానలేదు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఆటో బ్యాకప్ అని ఒకటుంది, ఒక్కో యాప్‌కి 25 ఎంబీ దాకా గూగుల్ డ్రైవ్‌లో దాచిపెడుతుంది. మరి ఎందుకు దాచలేదు? ఫోన్ వాడకుండా ఉన్నప్పుడు, మామూలుగా అయితే వైఫై మీద ఉన్నప్పుడు మాత్రమే అది జరుగుతుంది. మా ఇంట్లో వైఫై ఎక్కడిది, అంతా మొబైల్ డేటానే. ఆఫీసులో కూర్చుని రాసిన కోడ్‌కి ఈ సంగతి తెలియదు. చివరికి "లెక్క పంపు" అని ఒక బటన్ పెట్టాడు. రోజూ రాత్రి నొక్కితే ఆ రోజుదాకా ఉన్న లెక్కంతా సీఎస్‌వీ ఫైలుగా మారి, వాట్సాప్‌లో కొడుక్కి వెళ్తుంది. దాన్ని ఎక్సెల్‌లో తెరిస్తే మొదట తెలుగంతా పిచ్చి గీతలు వచ్చింది. ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 గుర్తు పెడితే సర్దుకుంది.

తర్వాత మిగతా ట్రాక్టర్ల వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. ఏపీకే ఫైలు వాట్సాప్‌లో పంపిస్తే అయిపోయేది కదా అంటారా? అక్కడ నేను గట్టిగా అడ్డం పడ్డాను. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో వాట్సాప్‌లో దొంగ ఏపీకేలు పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులివి. "తెలిసినోళ్ళు పంపిస్తే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు" అన్న అలవాటు మనమే నేర్పిస్తే, రేపు దొంగ కూడా తెలిసినవాడి నంబర్ నుంచే పంపిస్తాడు. కాబట్టి ప్లే స్టోర్‌లోకే వెళ్ళాలి.

ప్లే స్టోర్‌కి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. అది సులువు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్లకి ఇంకో నియమం ఉంది. యాప్ అందరికీ విడుదల చెయ్యాలంటే ముందు క్లోజ్డ్ టెస్టింగ్ జరగాలి. మొదట్లో 20 మంది టెస్టర్లు కావాలన్నారు, 2024 డిసెంబరులో 12కి తగ్గించారు. ఆ 12 మంది వరసగా 14 రోజులు టెస్టులో ఉండాలి. చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోయి, డబ్బులిచ్చి టెస్టర్లని కొనుక్కుంటున్నారు. మావాడు ఊళ్ళో తిరిగాడు. ట్రాక్టర్ల వాళ్ళు, డ్రైవర్లు, మెకానిక్, ఎరువుల దుకాణం ఆయన. సమస్య ఏంటంటే సగం మందికి తమ జీమెయిల్ ఐడీ ఏంటో తెలీదు, ఫోన్ కొన్నరోజు మొబైల్ షాపులో ఎవరో చేసిచ్చింది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని సెట్టింగ్స్‌లో ఐడీ చూపించి, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ, నాక్కూడా, చెప్పొద్దని చెప్పి, మధ్యలో మానేసేవాళ్ళుంటారని 15 మందిని చేర్చాడు. ఇద్దరు మానేశారు, లెక్క సరిపోయింది. ఒకాయన ఫోన్లో అక్షరాల సైజు అన్నిటికన్నా పెద్దగా ఉండటంతో బటన్ల మీద తెలుగు ఒత్తులు కింద తెగిపోవడం కనిపించింది. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎత్తు మన ఒత్తులకి చాలదు. ఇది ఏ డబ్బులిచ్చిన టెస్టరూ చెప్పడు.

ఈ పనంతా అవుతుండగా మావాడికి ఇంకో సంగతి తెలిసింది. యాప్‌ని ఎక్కువ డేటాతో పరీక్షించడానికి పాత పుస్తకాలు నాలుగు తీసి ఎక్కించాడు. వాడు బీటెక్ చదివిన నాలుగేళ్ళవి. ప్రతి ఏడాదీ ఒక నెలలో కొన్ని బాకీలు సగానికో, ముప్పావుకో కొట్టేసి ఉన్నాయి. లెక్క తేలట్లేదని తండ్రిని అడిగాడు. రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలిన ఫీజు కట్టమని కాలేజీ తొందరపెట్టిన రోజులవి. పంట చేతికి రాకముందే డబ్బు కావాల్సి వచ్చి, "ఎంతుంటే అంత ఇయ్యి, చెల్లు" అని ఆ బాకీలు తెంచుకున్నాడట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఈ మాట చెప్పి కాసేపు ఊరుకున్నాడు. "తగ్గింపు అని ఒక కాలమ్ పెట్టాలన్నా" అన్నాడు. పెట్టాడు.

ఇంతకీ ఏం సాధించాడు? ఉద్యోగం ఇంకా రాలేదు, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. ఒక ఇంటర్వ్యూలో "రేటు ప్రతి ఎంట్రీలో ఎందుకు దాచావ్?" అని అడిగితే పావుగంట మాట్లాడాడట. అమీర్‌పేట చర్చ ఇంట్లో ప్రస్తుతానికి ఆగింది. యాప్‌ని రోజూ వాడేవాళ్ళు పట్టుమని పదిమంది. చిన్నాయన పుస్తకం, యాప్ రెండూ రాస్తున్నాడు. పుస్తకం ఎప్పుడు మానేస్తావంటే, "ఇంకో పంట చూస్త" అంటాడు. నాకది సబబుగానే ఉంది. ఒక సాఫ్ట్‌వేర్‌ని నమ్మడానికి ఒక పంటకాలం ఎక్కువేం కాదు.

2025లో పత్తి మద్దతు ధరకి అమ్ముకోవాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. ఇకమీదట ఊళ్ళోకి ఇలాంటివి ఇంకా వస్తాయి. వాటిని చేసేవాళ్ళలో ముప్పావు బటన్ గురించి తెలిసినవాళ్ళు కొందరైనా ఉండాలి కదా.

కాబట్టి మొబైల్ యాప్‌లు నేర్చుకుందామనుకునే మిత్రులారా, మీరు శాప్‌లో ఉన్నా, టెస్టింగ్‌లో ఉన్నా, బెంచ్ మీద ఉన్నా ఫర్వాలేదు. ఈసారి ఊరికెళ్ళినప్పుడు ఎవరి దగ్గర లెక్కల పుస్తకం ఉందో చూడండి. పాలు పోసేవాళ్ళది కావచ్చు, పొదుపు సంఘానిది కావచ్చు, టెంట్ హౌస్ వాళ్ళది కావచ్చు. ఒక్కసారి చదవనివ్వమని అడగండి. ఇవ్వడానికి వాళ్ళు కొంచెం ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా. ఇచ్చాక మాత్రం మొదటి పేజీ నుంచి చదవండి. ఆండ్రాయిడ్ స్టూడియో డౌన్‌లోడ్ అవ్వడానికి ఎలాగూ టైం పడుతుంది.